తడవకుండా నడవడం: చలికాలంలో మొదటిసారి మంచు గుట్టలు ఎక్కేవాళ్ల కోసం

(హనుమకొండలో ఒక ఆదివారం పొద్దున జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసినం.)

అందరికి నమస్కారం. వెనుక వరుసలోవాళ్లకు వినబడుతున్నదా? మంచిది. ముందు ఒక ప్రశ్న. ఈ చలికాలం మంచులో నడవాలని ఎంతమంది అనుకుంటున్నరు? చేతులెత్తండి. బాగుంది. చేతులు దించకండి. మీలో ఇప్పటికే లావు జాకెట్ కొన్నవాళ్లెవరు? చూడండి, సగం చేతులు అట్లనే ఉన్నయి. మరి జాకెట్ కింద, ఒంటికి ఆనుకొని ఏ బనియన్ వేసుకోవాలో ఆలోచించినవాళ్లెవరు? ఒకటి... రెండు. అంతే. దించండి. ఇవ్వాళ మనం మాట్లాడుకోవాల్సింది ఆ బనియన్ గురించే.

చలి, చలి అని అందరం భయపడతం. చలికి బట్టలున్నయి, దుకాణంలో దొరుకుతయి. మంచులో మొదటిసారి పోయినవాళ్లను దెబ్బకొట్టేది తడి. అదీ పైనుంచి పడే తడి కాదు. ఒంట్ల నుంచి వచ్చే తడి. చెమట. మైనస్ 5 డిగ్రీల్లో చెమట పడుతదా అంటరేమో. పడుతది. వీపు మీద బ్యాగు, కాళ్ల కింద చడావు, ఒంటి మీద మూడు కోట్లు. పది నిమిషాల్లో వీపు నీళ్లు కారుతది.

ఎండకాలం ఇంట్ల రంజన్ పెట్టుకుంటం గదా. అందులో నీళ్లు ఎందుకు చల్లబడతయి? ఐస్ వేస్తమా? వెయ్యం. కుండ గోడ సన్నగ చెమరుస్తది, ఆ తడి ఆరుకుంట లోపలి వేడిని గుంజుకపోతది. గాలి తగిలే చోట పెడితే ఇంకా చల్లబడతది. ఇప్పుడు కుండ తీసేసి అక్కడ మీ వీపు పెట్టుకోండి. నడిచినంతసేపు ఏం తెల్వదు, ఒళ్లు వేడి పుట్టిస్తనే ఉంటది. ఫొటోకని, చాయ్‌కని పావుగంట ఆగిన్రనుకోండి, అప్పుడు మొదలైతది. తడిసిన బట్ట, మీదికెళ్లి గాలి. మీరే రంజన్ అయిపోతరు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్త.

అక్కడి చలి లెక్క కూడా ఒకసారి చూద్దాం. మన వరంగల్‌లో డిసెంబర్ రాత్రి 12, 14 డిగ్రీలు అయితే వణుకుతం. ఆదిలాబాద్ వైపు 6, 7కు పడ్డ రోజులు పేపర్లో వస్తయి. గుట్ట ఎక్కుతుంటే ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతయి. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం తీసుకోండి, మొదటిసారి పోయేవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. కింద సాంక్రి ఊరు దాదాపు 1,950 మీటర్లు, శిఖరం 3,800 పైచిలుకు. తేడా 1,850 మీటర్లు, అంటే 12 డిగ్రీలు. ఊర్లో 8 ఉంటే పైన మైనస్ 4. దానికి గాలి తోడైతది. మైనస్ 5లో గంటకు 30 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 13 లెక్క అనిపిస్తది. తలస్నానం చేసి తడి జుట్టుతోనే పొద్దున బండి మీద కాజీపేట పోయినవాళ్లకు గాలి ఏం చేస్తదో నేను చెప్పక్కర్లేదు.

ఇక బట్టలు. ఒంటికి ఆనేది ఒకటి, వేడి పట్టి ఉంచేది ఒకటి, గాలిని ఆపేది ఒకటి. మూడు పొరలు. మూడు పనులు.

ఒంటికి ఆనే పొరలో నూలు ఉండొద్దు. మనది పత్తి జిల్లా, ఎనుమాముల మార్కెట్ మన ఊర్లనే ఉన్నది, పత్తిని తప్పు పడుతలేను. మన ఎండకు నూలు మించినది లేదు, ఎందుకంటే అది చెమటను పీల్చుకొని పట్టుకుంటది, మెల్లగ ఆరుతది, ఒళ్లు చల్లబడతది. మంచులో సరిగ్గ ఆ గుణమే ప్రాణం మీదికి తెస్తది. నూలు బనియన్, నూలు డ్రాయర్, జీన్స్ ప్యాంటు, ఇవి మూడూ ఇంట్లనే పెట్టండి. జీన్స్ తడిస్తే మోకాళ్ల కాడ గడ్డకట్టి రేకు లెక్క అయితది. పాలిస్టర్‌వి, ఉన్నివి వేసుకోండి. ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు మీ దగ్గర ఉంటే అదే పనికొస్తది, కొత్తది కొనాల్సిన పని లేదు. దుకాణంలో థర్మల్స్ అని అమ్మేవాటిలో కూడా చాలావరకు నూలు కలుస్తది. లోపలి చీటీ తిప్పి చదవండి. కాటన్ అన్న మాట కనబడితే పక్కకు పెట్టండి.

ఉన్ని సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గొర్లు కాసే మన కురుమలు వానలో గొంగడి కప్పుకొని రోజంత నిలబడతరు. గొంగడి తడుస్తది, బరువెక్కుతది, అయినా లోపల వెచ్చగనే ఉంటది. ఉన్ని పోగుల మధ్య గాలి తడిసినా పూర్తిగా పోదు కాబట్టి. అందుకే సాక్సులు ఉన్నివి కొనండి. దేని మీద తక్కువ ఖర్చు పెట్టినా సాక్సుల మీద మాత్రం పెట్టండి.

రెండో పొర ఫ్లీస్, అంటే మెత్తటి నూగు ఉండే పాలిస్టర్ బట్ట. మూడోది గాలి, నీళ్లు ఆపే పల్చటి జాకెట్, చంకల కింద జిప్ ఉంటే మరీ మంచిది. మరి మీరు కొన్న లావు జాకెట్? అది ఆగినప్పటి బట్ట, నడిచేటప్పటిది కాదు. బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టాలి. ఆగంగనే, చలి తెలవకముందే, వేసుకోవాలి. లేస్తుంటే తీసి లోపల పెట్టాలి. ఈకల నూగుతో చేసిన డౌన్ జాకెట్ అయితే ఇంకా జాగ్రత్త. అది తడిస్తే నూగు ముద్దకట్టి, వెచ్చదనమంత పోతది. మంచు పడే అవకాశం ఉన్న చోట సింథటిక్ నింపిన జాకెట్ మొదటిసారి పోయేవాళ్లకు నయం.

బయలుదేరేటప్పుడు కొంచెం చలిగ ఉండాలి. ఇది ఎవ్వరూ నమ్మరు. "సార్, వణుకుతున్నం, జాకెట్ ఎట్ల తియ్యాలె" అంటరు. తియ్యండి. పది నిమిషాల నడకలో ఒళ్లు తనే వేడెక్కుతది. పది, పదిహేను నిమిషాలకు అందరూ ఒకసారి ఆగి, మెడ కింద చెయ్యి పెట్టి చూసుకోండి. తడి తగిలితే ఒక పొర తియ్యండి, లేకుంటే టోపీ తియ్యండి, జిప్ దించండి. ఇది సోమరితనం చెయ్యకుండ చెయ్యాల్సిన పని. "ఇంకో మలుపు దాటినంక తీస్త" అన్నమాటే చెమటకు దారి.

నడక వేగం కూడా దీనికోసమే. పక్కనోళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండ మాట్లాడగలిగినంత మెల్లగ నడవండి. మాట తెగిందంటే వేగం ఎక్కువైంది. గుంపులో ముందు నడిచేవాళ్ల వేగం కాదు, అందరికంటే వెనుక ఉన్న మనిషి వేగమే గుంపు వేగం కావాలి. వెనుకబడ్డవాళ్లు ఉరికి ఉరికి వచ్చేసరికి ముందోళ్లు విశ్రాంతి తీసుకొని లేచిపోతుంటరు. వెనుకోళ్లకేమో చెమట, అలసట, విశ్రాంతి లేదు. చాలా గుంపుల్లో జరిగే పొరపాటు ఇది.

కాళ్లు, చేతులు. బూట్లు నీళ్లు పట్టనివి, చీలమండ పైదాక వచ్చేవి, మీ కొలత కంటే అర సైజు, ఒక సైజు పెద్దవి. ఎందుకు? లావు సాక్సు వేసినంక కూడా వేళ్లు లోపల ఆడాలి. చలి అనిపించి రెండు మూడు జతల సాక్సులు కుక్కుతరు చూడండి, బూటు బిగుసుకొని రక్తం ఆడదు, రక్తం ఆడని కాడికి వేడి పోదు. సాక్సులు పెరిగిన కొద్ది పాదం చల్లబడతది. ఒకటి పల్చనిది, ఒకటి ఉన్నిది, చాలు. బూట్లు కొత్తవి అక్కడికే మొదటిసారి తీసుకపోవద్దు. ఇక్కడ కనీసం 40, 50 కిలోమీటర్లు నడిచి పాదానికి మరిగించుకోండి. పొక్కులు ఇక్కడ వస్తే ఇంట్ల కూర్చోవచ్చు, అక్కడ వస్తే నడవాల్సిందే.

చేతులకు రెండు జతలు: లోపల పల్చనివి, పైన లావు, తడవనివి. పల్చనివి ఎందుకంటే జిప్, బకిల్, ఫోన్ ముట్టుకోవాలంటే లావువి తీస్తం. ఒట్టి చేతులతో ఇనుము ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతయి. లావు గ్లౌజులకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోండి. గాలికి ఒక్క గ్లౌజ్ లోయలో పడితే ఆ రోజుకు నడక అయిపోయినట్టే. కళ్లద్దాల మాట మర్చిపోకండి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను దాదాపు 80 శాతం తిప్పికొడుతది. పైనుంచి ఎండ, కిందికెళ్లి ఎండ. అద్దాలు లేకుండ ఒక రోజు నడిస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, తెరవలేరు. యూవీ 400 అని రాసి ఉన్న, పక్కలు కూడా మూసుకునే అద్దాలు తీసుకోండి. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా పూసుకోవాలి.

ఇప్పుడు మంచు. మన భాషలో పొద్దున పొలం మీద కమ్మేది మంచే, గడ్డి మీద నీటిబొట్టూ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. నడిచేటోళ్లకు ఒక్క పేరు సరిపోదు. మనమే పేర్లు పెట్టుకుందాం. నిన్న రాత్రి పడి పొడిపొడిగ ఉన్నది పిండి మంచు. పది మంది నడిచి అణిగింది గట్టి మంచు. మధ్యాహ్నం ఎండకు మెత్తబడ్డది జావ మంచు. కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టి మెరిసేది గాజు మంచు. నాలుగింటికి నాలుగు నడకలు.

పిండి మంచులో, గట్టి మంచులో ఎక్కేటప్పుడు బూటు ముక్కుతో తన్ని మెట్టు చేసుకొని దాని మీద నిలబడాలి. వెనుకోళ్లు అదే మెట్టులో అడుగు పెట్టాలి. కొత్త దారి తొక్కితే బలం వృథా. దిగేటప్పుడు మడమ ముందుగ, ధైర్యంగ దించాలి. భయపడి వెనక్కి వాలితే జారేది అప్పుడే. జావ మంచు అన్నిటికంటే విసిగిస్తది. మోకాలి దాక దిగబడతరు, ప్యాంటు, బూట్లు తడుస్తయి. అందుకే పొద్దున మంచు గట్టిగున్నప్పుడే నడిచి, మధ్యాహ్నానికి నడక ముగించాలి. బూటు మీదికెళ్లి మోకాలి దాక కట్టుకునే గైటర్లు ఉంటే మంచు బూట్లో పడదు. గాజు మంచు మీద మాత్రం మైక్రోస్పైక్స్ లేకుండ అడుగు పెట్టొద్దు.

మైక్రోస్పైక్స్ అంటే రబ్బరు పట్టీకి గొలుసులు, గొలుసులకు చిన్న ఇనుప పళ్లు. బూటుకు కింది నుంచి తొడుక్కుంటరు. సాంక్రి లాంటి ఊర్లలో కిరాయికి దొరుకుతయి, గొలుసులు తెగినయా, రబ్బరు పగిలిందా చూసి తీసుకోండి. గాజు మంచు రాకముందే, చదును మీద కూర్చొని తొడగాలి. జారుతున్న చోట ఒంటికాలి మీద నిలబడి తొడగలేరు. తడి మంచు పళ్ల మధ్య ముద్దకడితే పళ్లు నేలకు అందవు, చేతికర్రతో బూటు పక్కకు కొట్టి రాల్చుకుంట నడవండి. ఇంకొకటి, దయచేసి వినండి. దిగేటప్పుడు కూర్చొని జారడం అందరికి సరదా. స్పైక్స్ కాళ్లకు ఉండంగ జారకండి. జారేటప్పుడు ఒక్క పన్ను మంచులో దిగితే పాదం అక్కడే ఆగుతది, ఒళ్లు కిందికి పోతది. చీలమండ విరుగుతది.

నిటారు వాలుల గురించి ఒక్క మాట. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మంచు చరియలు ఎక్కువగా జారుతయి, కొత్త మంచు బాగా పడిన తర్వాత ఒకటి రెండు రోజులు మరీ ఎక్కువ. ఇది చూసి అంచనా వెయ్యడం నేర్చుకున్నవాళ్లు వెయ్యాల్సిన పని. మొదటిసారి పోయేవాళ్లు ఒంటరిగ పోవద్దు, స్థానిక గైడ్ లేకుండ పోవద్దు, గైడ్ వద్దన్న రోజు అడుగు ముందుకు వెయ్యొద్దు. "ఇంత దూరం వచ్చినం, లీవు పెట్టినం" అని గైడ్‌తో వాదించకండి. 2024 జూన్‌లో, చలికాలం కూడా కాదు, జూన్‌లో, ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ దారిలో వాతావరణం తిరగబడి కర్ణాటక నుంచి పోయిన బృందంలో 9 మంది చనిపోయిన్రు. మనలాంటి దక్షిణాది మనుషులే. చలికాలంలో ఉత్తరాన మంచు తెచ్చేది పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్. అది వస్తున్నదని వాతావరణ శాఖ ముందే చెప్తది. బయలుదేరేముందు వారం రోజులు ఆ సమాచారం చూస్తుండండి. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తది, అవి కూడా చూడండి.

ఎత్తు సంగతి. 3,800 మీటర్ల కాడ గాలి ఒత్తిడి సముద్రమట్టం మీద ఉన్నదాంట్ల మూడింట రెండు వంతుల కంటే తక్కువ. ప్రతి శ్వాసకు అందే ఆక్సిజన్ అంతే తగ్గుతది. 2,500 మీటర్లు దాటినంక తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వస్తే, దాన్ని ఎత్తు జబ్బే అనుకోండి, అసిడిటీ అనుకోకండి. తలనొప్పి ఉండంగ ఇంకా పైకి పోయి పడుకోవద్దు. 3,000 దాటినంక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచొద్దు. కేదార్‌కంఠలో ఏం చేస్తరు? సాంక్రి నుంచి జూడా కా తాలాబ్‌కు, అక్కడి నుంచి బేస్ క్యాంపుకు, రోజుకు 600, 800 మీటర్లు ఎక్కిస్తరు. అందుకే సాంక్రిలో ఒక రాత్రి ఎక్కువ ఉండి పోతే మంచిది. ఎసిటజోలమైడ్, డైమాక్స్ అంటరు చూడండి, ముందు జాగ్రత్తకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాస్తుంటరు. డాక్టర్‌ను అడగకుండ వేసుకోకండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. రెండు గుర్తులు మాత్రం కంఠతా పట్టండి. గీత గీసి, మడమకు వేళ్లు ఆనిచ్చుకుంట నడవమంటే తూలుతున్నడా? మెదడుకు వాపు వస్తున్నది. కూర్చున్న కాడనే ఆయాసం, దగ్గు వస్తున్నదా? ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నది. ఈ రెండింటికీ మందు ఒక్కటే: వెంటనే కిందికి దించడం. రాత్రి అయినా సరే. తెల్లారనీ అని ఆగొద్దు.

మళ్లీ తడి దగ్గరికి వద్దాం. ఒంట్లో వేడి 35 డిగ్రీల కిందికి పడితే దాన్ని హైపోథెర్మియా అంటరు. మొదలు వణుకు. తర్వాత మాట ముద్దగ వస్తది, కాలు తడబడతది, చిరాకు పడతరు. బొటనవేలు చిటికెనవేలికి తాకించమంటే తాకించలేరు. వణుకు ఆగిపోతే "తగ్గింది" అనుకుంటరు చూడండి, అదే అన్నిటికంటే చెడ్డ గుర్తు. వణికే శక్తి కూడా అయిపోయిందన్నట్టు. గాలి తగలని చోటికి తీసుకపోవాలి, తడి బట్టలన్నీ విప్పాలి, అన్నీ, సిగ్గుపడే సమయం కాదు, పొడివి వెయ్యాలి, కింద చాప పరిచి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాలి. వేడినీళ్ల సీసాలు బట్టలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టాలి. తెలివి బాగుంటే తియ్యటి వేడి చాయ్ ఇవ్వండి. కాళ్లు చేతులు రుద్దకండి. రమ్ము పొయ్యకండి. రమ్ము తాగితే వెచ్చగ అనిపిస్తది నిజమే, ఎందుకంటే చర్మం కిందికి రక్తం ఎక్కువ వచ్చి లోపలి వేడి బయటికి పోతుంటది. వెచ్చగ అనిపించుకుంటనే మనిషి చల్లబడతడు. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే కూడా రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు. చంకలో పెట్టుకొని వెచ్చబెట్టండి. గట్టిపడి రంగు మారితే మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరినంకనే, గోరువెచ్చని నీళ్లలో వేడి చెయ్యాలి.

రాత్రి గురించి ఎవరూ అడగరు, కానీ సగం ట్రెక్ అంతా రాత్రే. డిసెంబర్ చివర అక్కడ అయిదున్నర లోపే పొద్దు గుంకుతది, పొద్దున ఏడు దాటితే గాని ఎండ రాదు. పద్నాలుగు గంటల చీకటి. టెంట్‌లోకి పోయేముందు ఒంటి మీది మంచంతా దులపండి, లోపల అది నీళ్లవుతది. నడిచిన బట్టలతో పడుకోకండి. పడుకోవడానికి ఒక పొడి జత, ఒక పొడి సాక్సు విడిగ ప్లాస్టిక్ కవర్‌లో కట్టి పెట్టుకోండి. పగలు ఎంత చలి పెట్టినా ఆ జతను కవర్‌లోంచి బయటికి తియ్యొద్దు. కింద పరిచే ఫోమ్ చాప కప్పుకునేదాని కంటే ముఖ్యం. స్లీపింగ్ బ్యాగ్ మీ బరువుకు కింద అణిగిపోతది, అణిగిన కాడ గాలి ఉండదు, నేల వేడిని గుంజుతది. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలుంటయి: కంఫర్ట్ అంటే హాయిగ నిద్రపట్టే చలి, లిమిట్ అంటే ముడుచుకొని ఎట్లనో తట్టుకునే చలి. మీరు చూడాల్సింది కంఫర్ట్ అంకె. ముఖం బ్యాగ్‌లోపల పెట్టి ఊపిరి వదలకండి, ఊపిరి తడి బ్యాగుకు పడుతది. రాత్రికి సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, సాక్సులో చుట్టి పాదాల కాడ పెట్టుకుంటే వెచ్చదనం, పొద్దున తాగడానికి గడ్డకట్టని నీళ్లు. బయట పెట్టే సీసా తలకిందులుగ పెట్టండి, గడ్డ పైనుంచి కడుతది కాబట్టి మూత కాడ నీళ్లు మిగులుతయి. ఫోన్, టార్చి బ్యాటరీలు, బూట్లు, అన్నీ కవర్లో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లోనే. తడి బూట్లు బయట వదిలితే తెల్లారి రాయి అయితయి, కాలు దూరదు. అట్లని మంట కాడ ఆరబెట్టొద్దు, అట్టకు అంటించిన జిగురు ఊడుతది.

ఒక మాట గట్టిగ చెప్తున్న. టెంట్‌లో గ్యాస్ స్టవ్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి, ఈ రెండూ ప్రాణాంతకం. ఊర్లో ఇండ్లల్లో ఉండేటప్పుడు వాళ్లు ప్రేమతో కుంపటి తెచ్చి పెడతరు. కాచుకోండి, పడుకునేముందు బయట పెట్టించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మగత వస్తది, నిద్ర అనుకుంటరు.

తిండికి పెద్ద చెప్పేది లేదు. మామూలు కంటే ఎక్కువ తినాలి, గంటకోసారి కొంచెం కొంచెం. మన నువ్వుల ముద్దలు, మలీద ముద్దలు బ్రహ్మాండం, నూనె, బెల్లం, రెండూ వేడి పుట్టించేవే. సకినాలు డబ్బాలో పెట్టుకోండి, సంచిలో వేస్తే పొడే మిగుల్తది. పల్లి పట్టి చలికి రాయి అయితది, జేబులో ఒంటికి దగ్గర పెట్టుకోండి. చలిలో దాహం తెల్వదు, అయినా రోజుకు 3 లీటర్లు తాగాలి. మంచు నోట్లో వేసుకోవద్దు, దాన్ని కరిగించడానికి మీ ఒంటి వేడే ఖర్చు. మంచు కాచుకోవాల్సి వస్తే గిన్నె అడుగున ముందు కొంచెం నీళ్లు పోసి తర్వాత మంచు వెయ్యండి. లేకపోతే గిన్నె మాడి, మంచు మాడిన వాసన వస్తది. వాడే గ్యాస్ డబ్బా ఒట్టి బ్యూటేన్‌ది కావొద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల కాడనే ఆవిరి కావడం మానేస్తది, స్టవ్ వెలగదు. ప్రొపేన్ కలిసినది అడిగి తీసుకోండి.

ఎక్కడికి పోవాలె? నన్నడిగితే మొదటిసారి మంచులో రెండు రాత్రులకు మించొద్దు. ముస్సోరి అవతల నాగ్ టిబ్బా ఉన్నది, దాదాపు 3,000 మీటర్లు, మంచు పడ్డ వారం చూసుకొని పోవాలి. దయారా బుగ్యాల్ ఉన్నది, విశాలమైన పచ్చిక మైదానం, చలికాలం మొత్తం మంచు పరుపు. తర్వాత కేదార్‌కంఠ. ఇన్‌స్టాగ్రామ్‌లో చాదర్ చూసి గడ్డకట్టిన జాన్స్కార్ నది మీద నడుస్తమని మొదటిసారే లేహ్‌కు విమానం ఎక్కకండి. 3,500 మీటర్ల కాడ దిగుతరు, రాత్రి మైనస్ 20 దాటుతది. అది తర్వాత. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, అక్కడి నుంచి సాంక్రికి దాదాపు 200 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటల మలుపులు. తిరుగు టికెట్‌కు ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. మంచు పడి దారి మూసుకుపోయిన రోజు మీ మీద రైలు ఒత్తిడి ఉండొద్దు.

"మన దగ్గర మంచే లేదు, ఎట్ల తయారు కావాలె" అని కదా మీ అనుమానం. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్ల మొదలు పెట్టింది మన భువనగిరి గుట్ట మీద. మంచు తర్వాత నేర్చుకోవచ్చు. కాళ్లు, ఊపిరి, బరువు మోసే వీపు, ఇవి ఇక్కడనే తయారైతయి.

మూడు నెలల ముందు మొదలు పెట్టండి. వారానికి నాలుగు రోజులు వేగంగ నడక, నెమ్మది పరుగు. 5 కిలోమీటర్లు 35, 40 నిమిషాల్లో ఆయాసం లేకుండ పూర్తి చెయ్యగలిగితే సాలు. వారానికి ఒకరోజు బ్యాగుతో గుట్ట. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట మెట్లు ఎందుకు ఉన్నయి? ఎక్కడం కంటే దిగడం ఎక్కువ సార్లు చెయ్యండి. తొడలు నొప్పి పెట్టేది, మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. సెలవు దొరికితే పాండవుల గుట్టలు. బ్యాగు నడుం పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవాలి, బరువులో నాలుగింట మూడు వంతులు అక్కడే పడాలి, భుజాల మీద కాదు. బరువైన వస్తువులు వీపుకు ఆనుకొని, నడుముకు భుజాలకు మధ్య.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, బీపీ, ఉబ్బసం, గుండె సంబంధమైనవి ఏవైనా ఉన్నవాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి పోయి రండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి పద్మాక్షి గుట్ట కింద కలుద్దాం. బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు ఆరు పెట్టుకొని రండి, రాళ్లు వద్దు, ఇసుక వద్దు. ఎక్కేటప్పుడు బరువు ఉంటది, పైన సగం నీళ్లు చెట్లకు పోసి దిగుదాం. మొదటి నెల మోకాళ్లకు అంత బరువు చాలు. పాలిస్టర్ టీషర్టు వేసుకొని రండి, రెండు రౌండ్లు అయినంక గాలికి నిలబడి ఎవరి వీపు ఎంతసేపట్లో ఆరుతదో చూద్దాం. నూలు బనియన్ వేసుకొని వచ్చినవాళ్లది కూడా పక్కన పెట్టి చూద్దాం.